ముందు ప్రశ్నకు పరీక్ష పెట్టండి

(హైదరాబాద్‌లో స్టేషన్ ఫైర్ ఆఫీసర్లు, లీడింగ్ ఫైర్‌మన్లు, శిక్షకుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకని ఉపోద్ఘాతం ఏమీ పెట్టుకోను.

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. క్లాస్ సి మంటలంటే ఏవి? గట్టిగానే చెప్పండి. గ్యాస్ అంటున్నారు ఇటువైపు. అటువైపు నుంచి కరెంటు అని వినబడింది. ఇంకోసారి అడుగుతాను, గ్యాసా, కరెంటా? చూశారా, ఒకే డిపార్టుమెంటు, ఒకే యూనిఫాం, రెండు జవాబులు.

మంట ఆర్పే పరికరాల మీద మన దేశ ప్రమాణం ఐ.ఎస్. 2190 ప్రకారం క్లాస్ సి అంటే గ్యాస్ మంటలు. అమెరికా వాళ్ల లెక్కలో క్లాస్ సి అంటే కరెంటు ప్రవహిస్తున్న పరికరాల మంటలు. గ్యాస్ మంటల్ని వాళ్లు క్లాస్ బి లో వేస్తారు. వంటనూనె మంట వాళ్లకు కె, ఐరోపా పద్ధతిలో ఎఫ్. కాబట్టి కరెంటు అన్నవాళ్లు చదవనివాళ్లు కారు. చదివారు, వేరే దేశం పుస్తకం చదివారు. ఇప్పుడు ఆలోచించండి. ప్రశ్నపత్రం తయారుచేసిన వ్యక్తి కూడా అదే పుస్తకం నుంచి ప్రశ్న ఎత్తి, దాంతోపాటు దాని జవాబూ ఎత్తి పెట్టాడనుకోండి. మన ప్రమాణాన్ని సరిగ్గా చదువుకున్న ఫైర్‌మన్‌కు మార్కు పోతుంది. అప్పుడు ఫెయిలైంది మనిషా, ప్రశ్నా?

ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. మనం పరీక్ష పెట్టి మనుషుల్ని తూకం వేస్తున్నాం. ఆ తూకంరాయి సరిగ్గా ఉందో లేదో ఎవరూ చూడటం లేదు. కూరగాయల బండి దగ్గర కూడా తూనికలు కొలతల వాళ్లు వచ్చి రాయి సరిచూస్తారు. మన ప్రశ్నను ఎవరు సరిచూస్తున్నారు?

ఏప్రిల్ 14 వస్తే మనమంతా అగ్నిమాపక వారోత్సవాలు మొదలుపెడతాం. ప్రతి పరీక్షలో దీని మీద ఒక ప్రశ్న ఖాయం. ఓడ పేరేమిటి? ఫోర్ట్ స్టికిన్. ఏ సంవత్సరం? 1944. ఎక్కడ? బొంబాయి విక్టోరియా డాకు. ఆ రోజు 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. వాళ్లను తలచుకోవాలంటే ఆ పేరు, ఆ తేదీ తెలిసుండాలి, కాదనను. కానీ ఆ ఓడలో జరిగిందేమిటి? ఒకే హోల్డులో, అంటే ఓడలో సరుకు నింపే అరలో, పత్తి బేళ్లూ ఉన్నాయి, పేలుడు సామగ్రీ ఉంది. పత్తి లోపల్లోపల రాజుకుంటుంది. పైనుంచి ఎన్ని నీళ్లు కొట్టినా మంట మొదలైన చోటుకు చేరవు. వేడి పెరుగుతూ పోతుంది. ఓడ పేరు చెప్పినవాడికి ఇది తెలుసని గ్యారంటీ ఉందా? లేదు. మరి ఇదెలా అడగాలి? 'పత్తి బేళ్ల గోదాము నుంచి దట్టంగా పొగ వస్తోంది, మంట కనబడటం లేదు, పక్క గదిలో ఏం నిల్వ ఉందో తెలియదు. ముందు ఎవరిని ఏం అడుగుతావు? నీ వాళ్లను ఎక్కడ నిలబెడతావు?' ఇలా అడగాలి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు ఆ 66 మంది దగ్గర నేర్చుకున్నట్టు.

ప్రశ్న ఎక్కడ పుట్టాలి

ప్రశ్న పుస్తకంలో పుట్టకూడదు. కాల్ దగ్గర, అంటే మంట ఉన్న చోట, మనిషి తీసుకోవాల్సిన నిర్ణయం నుంచి పుట్టాలి. పుస్తకం జవాబు సరిచూసుకోవడానికి.

మన నగరమే చూడండి. 2022 మార్చి 23, బోయిగూడ: కింద తుక్కు గోదాము, పైన నిద్రపోతున్న వలస కార్మికులు, 11 మంది పోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 12, సికింద్రాబాద్: కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి, 8 మంది. 2023 మార్చి 16, స్వప్నలోక్ కాంప్లెక్స్, 6 మంది. ఆ నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్: కింద రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలు. 2025 మే 18, గుల్జార్ హౌజ్: ఇరుకైన ప్రవేశం, పైకి ఒకటే మెట్లదారి, 17 మంది. ఎవరి తప్పన్నది ఇక్కడ నా విషయం కాదు. వీటిలో మళ్లీ మళ్లీ కనిపిస్తున్నదేమిటో చూడమంటున్నాను. కింద వ్యాపారం, పైన నిద్ర. కింద మంట, పైన పొగ. మెట్లదారే పొగగొట్టం అవుతోంది.

మరి మన ప్రశ్నపత్రాల్లో మెట్లదారి మీద ఎన్ని ప్రశ్నలున్నాయి? మీ దగ్గర పాత పేపర్లు ఉంటాయి, ఇంటికెళ్లి లెక్కపెట్టండి. గృహవినియోగ సిలిండర్‌లో గ్యాస్ ఎన్ని కిలోలు అన్నది ఉంటుంది. 14.2, సరే. సిలిండర్ వాల్వు దగ్గర మంట మండుతోంది, వాల్వు కట్టేయడం కుదరడం లేదు, అప్పుడేం చేస్తావు అన్నది మాత్రం ఉండదు. దానికి జవాబు ఈ గదిలో అందరికీ తెలుసు: గ్యాస్ ఆపలేనప్పుడు మంట ఆర్పకూడదు, సిలిండర్‌ను, చుట్టుపక్కలను నీళ్లతో చల్లబరుస్తూ ఉండాలి. మంట ఆర్పితే గ్యాస్ వస్తూనే ఉంటుంది. గాలి కంటే బరువు కాబట్టి నేలబారున పాకి సెల్లార్‌లోకి దిగుతుంది. ఎక్కడో ఒక స్విచ్చు దగ్గర నిప్పు అందుకుంటుంది. ప్రాణం తీసే తప్పు ఇది. కిలోల లెక్క తప్పితే ఎవరికీ ఏమీ కాదు.

ప్రశ్న తయారీ ఎలా ఉంటుందో ఒకటి చేసి చూపిస్తాను. సన్నివేశం ఇది. 'గల్లీలో రెండంతస్తుల ఇల్లు. కింద మడిగలో మంట, షట్టర్ వేసి ఉంది. పైన జనం కేకలు. ఒకటే మెట్లు, మడిగ పక్క నుంచే. మీ బండి ముందుగా చేరింది. మొదటి లైను (నీళ్ల గొట్టం) ఎక్కడ పెడతారు?' సరైన జవాబు: నీళ్లు నింపిన లైనుతో మెట్ల మొదట్లో, మంటకూ మనుషులకూ మధ్య. లైను సిద్ధమయ్యేదాకా షట్టర్ ఎత్తకూడదు. ఎత్తితే గాలి లోపలికి పోతుంది, మంట ఒక్కసారి పెరుగుతుంది, పొగంతా మెట్లు పట్టుకుంటుంది.

ఇక తప్పు ఆప్షన్లు. అసలు పనంతా ఇక్కడే. మామూలుగా ఏం చేస్తారు? సరైన జవాబు రాసి, పక్కన నోటికొచ్చినవి మూడు పెడతారు. 'పోలీసుల కోసం వేచి ఉంటారు' లాంటివి. దాన్ని ఎవరు టిక్ పెడతారు? ఎవరూ పెట్టరు. అంటే ఆ ఆప్షన్ కాగితం మీద ఉన్నా లేనట్టే. తప్పు ఆప్షన్లు మన మనుషులు నిజంగా చేసే తప్పుల నుంచి రావాలి. దానికి సులువైన దారి ఉంది. ప్రశ్నను ముందు ఆప్షన్లు లేకుండా ఓ ఇరవై మందికి ఇవ్వండి, వాళ్ల మాటల్లో రాయమనండి. 'షట్టర్ ఎత్తి వెంటనే నీళ్లు కొడతాం' అని కొందరు రాస్తారు. 'ముందు నిచ్చెన వేసి పైవాళ్లను దింపుతాం' అని కొందరు. అవే మీ తప్పు ఆప్షన్లు. ఇప్పుడు ఎవరు ఏది టిక్ పెట్టారో చూస్తే ఏ స్టేషన్‌లో ఏ డ్రిల్ చేయించాలో కూడా తెలిసిపోతుంది.

ఎన్ని ఆప్షన్లు ఉండాలని అడుగుతారు. మూడు చాలు. ఎనభై ఏళ్ల పరిశోధనలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి 2005లో వచ్చింది, అదీ మూడే మేలంది. నాలుగోది చాలాసార్లు ఖాళీ నింపడానికే. ఆ చదివే సమయం మిగిలితే ఇంకో నాలుగు ప్రశ్నలు అడగొచ్చు.

భాష దగ్గర పడిపోయే మార్కులు

ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం, కాస్త ఓపిక పట్టండి. మన ప్రశ్నలు చాలావరకు ఇంగ్లీషులో పుట్టి తెలుగులోకి వస్తాయి. వచ్చేటప్పుడు ఏమవుతోంది? పంపులోకి నీళ్లు లాగే సక్షన్ హోస్ కాస్తా 'చూషణ గొట్టం' అవుతోంది. పొగలో ఊపిరి కోసం వీపున వేసుకునే బీఏ సెట్ 'స్వయంపూరిత శ్వాస ఉపకరణం' అవుతోంది. పదిహేనేళ్లు బీఏ సెట్ వేసుకున్న మనిషి ఆ మాట చూసి ఆగిపోతాడు. అతనికి తెలియనిది పరికరమా, పదమా? స్టేషన్‌లో ఏ మాట అంటామో ప్రశ్నలో అదే మాట ఉండాలి. సక్షన్, డెలివరీ, బ్రాంచ్ (నీళ్లు చిమ్మే మూతి), కప్లింగ్ (గొట్టాల్ని కలిపే బిగింపు). అంతే.

పదం మారితే జవాబే తిరగబడిపోయే సందర్భం కూడా ఉంది. నిప్పు చూపిస్తే ఆవిరి అంటుకునే కనీస వేడి, అంటే ఫ్లాష్ పాయింట్‌నూ 'జ్వలన ఉష్ణోగ్రత' అంటున్నారు, నిప్పు తగలకుండా తనంతట తాను అంటుకునే వేడినీ 'జ్వలన ఉష్ణోగ్రత' అంటున్నారు. 'పెట్రోల్, డీజిల్‌లో దేని జ్వలన ఉష్ణోగ్రత తక్కువ?' చెప్పండి. ఫ్లాష్ పాయింట్ అయితే పెట్రోలుదే తక్కువ, సున్నాకు 40 డిగ్రీల కిందే ఆవిరి అంటుకుంటుంది. తనంతట తాను అంటుకునే వేడి అయితే డీజిలుది తక్కువ. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ లేకుండానే పని జరిగేది అందుకే. ఒకే ప్రశ్న, రెండు సరైన జవాబులు, జవాబుల కీలో ఒకటే. సగం మందికి అన్యాయం జరిగినట్టే.

ఇంకొకటి, 'కింది వాటిలో సరికానిది ఏది కాదు' లాంటి ప్రశ్నలు. దయచేసి రాయకండి. రెండు 'కాదు'ల మధ్య ఇరుక్కున్నవాడి చదివే ఓపికను కొలుస్తున్నారు మీరు, మంట గురించిన తెలివిని కాదు. ప్రశ్న రాశాక ఒక డ్రైవర్ ఆపరేటర్‌కు పైకి చదివి వినిపించండి. 'ఇంకోసారి చెప్పండి సార్' అన్నాడంటే ప్రశ్న తిరగరాయాలి.

దగ్గర్నుంచి రెండు ప్రశ్నలు

అన్నా, ఆ వెనక వరుసలో డ్రైవర్ ఆపరేటర్లు కూర్చున్నారు కదా, ఇది మీకు. బావి దగ్గర పంపు పెట్టారు. సక్షన్ దింపారు, ప్రైమింగ్ చేస్తున్నారు, అంటే గొట్టంలోని గాలి తీసేస్తున్నారు, నీళ్లు రావడం లేదు. మామూలు ప్రశ్నపత్రం ఏమడుగుతుంది? 'సక్షన్ లిఫ్ట్ గరిష్ఠంగా ఎంత?' అంటే పంపు ఎంత లోతు నుంచి నీళ్లు లాగగలదని. జవాబు 10.3 మీటర్లు అని కీలో ఉంటుంది. అది సముద్రమట్టం దగ్గర, లెక్కల్లో మాత్రమే. మన హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ, లెక్క ప్రకారమే 9.7 చిల్లరకు దిగిపోతుంది. పనిలో ఏడు మీటర్లు దాటిందంటే పంపు కష్టపడుతుంది. కీలో ఉన్న 10.3ను నమ్మి తొమ్మిది మీటర్ల లోతు బావి దగ్గర బండి ఆపినవాడు పావుగంట పోగొట్టుకుంటాడు. ఆ పావుగంటలో ఇల్లు పోతుంది.

మరి ఏం అడగాలి? గొట్టంలో గాలి ఎంత తీశారో చూపే వాక్యూమ్ గేజ్ గురించి అడగాలి. రెండు బొమ్మలు గీయండి. మొదటి బొమ్మలో ప్రైమింగ్ చేస్తున్నా ముల్లు సున్నా దగ్గర్నుంచి లేవడం లేదు. రెండో బొమ్మలో ముల్లు బాగా పైకి వెళ్లింది, అయినా నీళ్లు లేవు. ఏ బొమ్మకు ఏ కారణం? ముల్లు లేవలేదంటే ఎక్కడో గాలి దూరుతోంది: సక్షన్ కప్లింగ్‌లో వాషర్ లేదు, లేదా పంపులో నీళ్లు వదిలే డ్రెయిన్ కాక్ తెరిచి ఉంది, లేదా సక్షన్ చివరనుండే జల్లెడ, అదే స్ట్రైనర్, నీళ్లలో పూర్తిగా మునగలేదు. ముల్లు లేచినా నీళ్లు రాలేదంటే గాలి దూరడం లేదు, దారి మూసుకుంది: స్ట్రైనర్‌కు ప్లాస్టిక్ కవరో నాచో పట్టింది, లేదా సక్షన్ లోపలి పొర ఊడి ముడుచుకుంది, లేదా లోతే ఎక్కువ. ముల్లు చూసి కారణం చెప్పగలిగినవాడు కప్లింగులన్నీ విప్పుకుంటూ కూర్చోడు, నేరుగా తప్పున్న చోటికి వెళ్తాడు. రెండు బొమ్మలు, ఒకే ముల్లు. అందులో పంపు జ్ఞానమంతా బయటపడుతుంది.

రెండోది బీఏ సెట్. సిలిండర్ 6.8 లీటర్లు, గాలి ఒత్తిడి 300 బార్. గుణిస్తే 2040 లీటర్ల గాలి. దీన్ని నిమిషానికి 40 లీటర్ల చొప్పున లెక్కేసి 'ఎంతసేపు వస్తుంది' అని అడుగుతారు. 51 నిమిషాలు అని రాస్తారు, మార్కు వేస్తారు. నేను వేయను. ఎందుకంటే చివరి 50 బార్ మన చేతిలో లేదు, అది ప్రాణం కోసం దాచుకున్నది. 250 బార్ లెక్కేస్తే 1700 లీటర్లు, 42 నిమిషాలు. అదీ తేలిక పనికి. మనిషిని మోసుకుంటూ మెట్లు ఎక్కిదిగితే ఊపిరి రెట్టింపవుతుంది, 21 నిమిషాలే.

అసలు అడగాల్సింది ఇదీ. 'లోపలికి వెళ్లేటప్పుడు గేజ్ 280. పని చేయాల్సిన చోటికి చేరేసరికి 220. గాలి తగ్గిందని హెచ్చరించే విజిల్ 55 బార్ దగ్గర మోగుతుంది. ఎంత దగ్గర వెనక్కి బయల్దేరాలి?' వెళ్లడానికి 60 బార్ పట్టింది. రావడానికీ కనీసం 60 కావాలి. పైన 50 నిల్వ. అంటే 110 చూపించగానే వెనక్కి తిరగాలి. విజిల్ మోగాక బయల్దేరుదాం అనుకున్నవాడి దగ్గర 55 ఉంది, దారికి 60 కావాలి. నిల్వంతా తాగేసినా గుమ్మం దాకా రాలేడు. విజిల్ అంటే బయల్దేరమని కాదు, ఆ పాటికి బయట ఉండాలని. ఇది చిన్నప్పటి కూడికలు, తీసివేతలే. అయినా పరీక్షలో అడగకపోతే ఎవరూ వేసి చూడరు, వేసి చూడనిది పొగలో గుర్తుకురాదు.

రాతపరీక్షతో ఇంతవరకే. చేతిపని చేయించి చూడాల్సిందే. దానికి వైద్యవిద్యలో మంచి పద్ధతి ఉంది. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ బృందం మొదలుపెట్టింది. ఒకే పేషెంటు దగ్గర ఒకే పరీక్షకుడు అరగంట కూర్చోబెట్టి మార్కులు వేసే బదులు, వరుసగా బల్లలు వేసి, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో చిన్న పని పెట్టి, అందరినీ అన్ని బల్లల మీదుగా తిప్పారు. మనకు అచ్చంగా సరిపోతుంది. ఆరు చోట్లు పెట్టండి: బీఏ వేసుకోవడం, పంపు తప్పు పట్టడం, హోస్ వేయడం, ముడులు, వైర్‌లెస్‌లో మొదటి సమాచారం, ఒక ఫొటో చూసి నిర్ణయం. ఒక్కో దగ్గర ఐదు నిమిషాలు, మారడానికి ఒక నిమిషం. ఆరుగురు 36 నిమిషాల్లో అయిపోతారు. ముప్పై మంది మూడు గంటల్లో పూర్తి. టీ ముందు మొదలుపెడితే భోజనానికి అయిపోతుంది.

ఒక్క జాగ్రత్త. పరీక్షకుడి చేతిలో 'బాగా చేశాడు, పర్వాలేదు, బాగాలేదు' అన్న కాగితం పెట్టకండి. అలాగైతే మనకు తెలిసిన కుర్రాడు ఎప్పుడూ బాగానే చేస్తాడు. కంటికి కనబడేది, చెవికి వినబడేది రాయండి. బీఏ దగ్గర: గేజ్ చదివి పైకి చెప్పాడా? వాల్వు తెరిచి మూసి ఒక నిమిషంలో గేజ్ 10 బార్ కంటే ఎక్కువ పడిందో లేదో చూశాడా? మెల్లగా గాలి వదిలి విజిల్ మోగే చోటు సరిచూశాడా? మాస్కు అంచు చర్మానికి ఆనిందా, గడ్డం అడ్డొచ్చిందా? హోస్ దగ్గర: కప్లింగ్ బిగుసుకున్న చప్పుడు వచ్చిందా, వచ్చాక ఒకసారి లాగి చూశాడా? బ్రాంచ్ చేతిలోకి రాకముందే నీళ్లు అడిగాడా? ప్రతిదానికీ అవును, కాదు, అంతే. ఒక్కో చోట ఇద్దరు పరీక్షకులు విడివిడిగా టిక్కులు పెట్టనివ్వండి. ఇద్దరి టిక్కులూ కలవలేదంటే ముందు ఆ వాక్యాన్ని దిద్దండి.

ఇక పాస్ మార్కు. నూటికి 40 ఎక్కడి నుంచి వచ్చింది? బడి నుంచి వచ్చింది. నాలుగు ఆప్షన్ల పేపరు, వంద ప్రశ్నలు. ఒకతనికి నిజంగా 20 తెలుసు, మిగిలిన 80 కళ్లు మూసుకుని టిక్ పెట్టాడు. నాలుగింట్లో ఒకటి తగులుతుంది, అంటే ఇంకో 20. మొత్తం 40. పాస్. వందకు ఇరవై తెలిసిన మనిషిని పొగలోకి పంపిస్తున్నాం.

పైగా కలిపేసుకునే పద్ధతి ఒకటి. బీఏ మీద ఐదు ప్రశ్నలూ తప్పినా చరిత్రలో, జీకేలో వచ్చిన మార్కులు ఆ లోటు పూడ్చేస్తాయి. పూడ్చకూడదు. ప్రాణం మీదికి తెచ్చే ప్రశ్నలు విడిగా పెట్టండి: గాలి లెక్క, గ్యాస్, కరెంటు, వెనక్కి తిరిగే నిర్ణయం. పది ప్రశ్నలైతే పదీ రావాలి. రాకపోతే ఫెయిల్ అని ముద్ర వేయొద్దు. మళ్లీ నేర్పండి, మళ్లీ అడగండి, పది వచ్చేదాకా. మిగతా ప్రశ్నలకు పాస్ మార్కు కావాలంటే అనుభవమున్న ఏడెనిమిది మందిని కూర్చోబెట్టండి. ఒక్కో ప్రశ్న చూపించి, 'ఉద్యోగానికి అంతంతమాత్రంగా సరిపోయే మనుషులు వంద మంది రాస్తే దీనికి ఎంతమంది సరిగ్గా చెప్తారు?' అని విడివిడిగా రాయమనండి. ఆ అంకెల సగటే మీ పాస్ మార్కు. 1971 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. తేలిక పేపరుకు పాస్ మార్కు ఎక్కువ వస్తుంది, కష్టమైన పేపరుకు తక్కువ వస్తుంది. న్యాయంగా ఉంటుంది.

పరీక్ష అయ్యాక పేపర్లు మూటగట్టి బీరువాలో పెడతాం కదా, అక్కడే అసలు సమాచారం ఉంది. అరవై మంది రాశారనుకోండి. మొత్తం మార్కుల్లో పైనున్న 16 మందిని, కిందనున్న 16 మందిని తీయండి. ఒక ప్రశ్నకు పైవాళ్లలో 14 మంది, కిందివాళ్లలో ఆరుగురు సరిగ్గా రాశారు. తేడా 8, దాన్ని 16తో భాగిస్తే అర. మంచి ప్రశ్న, దాచుకోండి. ఇంకో ప్రశ్నకు పైవాళ్లలో ఐదుగురే, కిందివాళ్లలో తొమ్మిది మంది. చదివినవాళ్లు తప్పుతున్నారు, చదవనివాళ్లకు వస్తోంది. ఇదెలా సాధ్యం? నూటికి తొంభై పాళ్లు కీ తప్పు, లేదా ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. ఇందాకటి క్లాస్ సి, ఇందాకటి జ్వలన ఉష్ణోగ్రత ఇక్కడ పట్టుబడతాయి. ఆ ప్రశ్న తీసేసి మార్కులు మళ్లీ లెక్కేయండి. అందరికీ వచ్చిన ప్రశ్న తేడా చూపించదు, కానీ తీసేయకండి. ప్రాణం మీదికి వచ్చే ప్రశ్నలు అందరికీ రావడమే మనకు కావాలి. ఇదంతా స్టేషన్ రాతపని చూసే ఒక రైటర్, ఒక కాలిక్యులేటర్, ఒక మధ్యాహ్నం పని.

చివరిగా, ఏడాదికోసారి పరీక్ష గురించి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని కొందరితో రెండోసారి చదివించారు, కొందరితో చదివించకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండోసారి చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తిరగబడింది. రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, చదివినవాళ్లకు 42. దీని అర్థమేమిటి? ప్రశ్న అడగడమే పాఠం చెప్పడం. అలాంటప్పుడు ఏడాదికోసారి వంద ప్రశ్నలు ఎందుకు? రోజూ రోల్ కాల్‌లో మూడు అడగండి. ఒకటి నిన్నటిది, ఒకటి పోయిన నెలది, ఒకటి కొత్తది. ఐదు నిమిషాల పని. ఈ మార్కులు సర్వీసు రికార్డులోకి పోవని ముందే చెప్పండి, మాట మీద నిలబడండి. రికార్డులోకి పోతాయంటే మనిషి తెలియదన్న మాట దాచేస్తాడు. దాచేసినది మనం నేర్పలేం.

జవాబు పక్కన ఇంకొకటి రాయించండి: ఖాయం, అనుమానం, ఊహ. మూడింట్లో ఏదో ఒకటి. తప్పు జవాబు, పక్కన ఊహ అని ఉంటే నాకు భయం లేదు. అతను కాల్ దగ్గర పక్కవాణ్ని అడుగుతాడు. తప్పు జవాబు, పక్కన ఖాయం అని ఉంటే ఆ కాగితం విడిగా తీసి పెట్టండి. ఆ మనిషి ఎవర్నీ అడగడు. నేరుగా లోపలికి వెళ్తాడు, వెనక ఇద్దర్ని తీసుకెళ్తాడు. సాయంత్రంలోపు అతనితో కూర్చుని మాట్లాడాల్సింది మీరే.

ఇప్పుడు అందరి చేతికీ చిన్న కాగితాలు వస్తున్నాయి. మూడు ప్రశ్నలు, ఐదు నిమిషాలు. ఒకటి: ఎలక్ట్రిక్ స్కూటర్ మంట ఆరింది, బ్యాటరీ నుంచి ఇంకా సన్నగా పొగ వస్తోంది, యజమాని బండిని సెల్లార్‌లోనే ఉంచుతానంటున్నాడు, ఏం చెప్తారు? రెండు: లోపలికి వెళ్లేటప్పుడు 260, చేరేసరికి 190, వెనక్కి ఎప్పుడు? మూడు: ప్రైమింగ్‌లో వాక్యూమ్ ముల్లు సగం దాకా లేచి మళ్లీ మెల్లగా పడిపోతోంది, ముందు ఎక్కడ చేయి పెట్టి చూస్తారు? పేర్లు రాయొద్దు, స్టేషన్ పేరు కూడా వద్దు. జవాబు పక్కన ఖాయమా, అనుమానమా, ఊహా అన్నది మాత్రం మరిచిపోకండి. అయిపోయినవాళ్లు కాగితాలు ముందు వరుసకు అందించండి, జవాబులు ఇక్కడే కలిసి చూసుకుందాం.